ఒళ్ళో కోడిబుట్ట

మా కేథలిక్ బ్రదర్ల మఠంలో కొత్తగా చేరినవాళ్ళకు నేర్పేది నేనే. వాళ్ళలో ఒకడు ఆ ఉదయం, "బ్రదరైతే చర్చిలో పూజ చెయ్యడానికి లేదుగా, ఫాదర్ల దగ్గరికి పోతా" అని వెళ్ళిపోయాడు. ఆ కడుపుమంటతోనే కార్వేటినగరంలో పుత్తూరు బస్సెక్కాను.

పక్క సీట్లో ముసలమ్మ, "దండాలు ఫాదరూ" అంది.

"ఫాదర్ని కాదమ్మా, బ్రదర్ని. పూజ చెయ్యను" అని విసుక్కున్నాను. రోజుకు ఎందరికని చెప్పాలి?

"కాదా! బతికించినావు నాయనా. ఫాదర్నయితే అడగలేను. ఈ కోడిని పట్టుకో, వక్కాకు ఏసుకోవాల" అంటూ బుట్ట నా ఒళ్ళో పెట్టేసింది. వక్కాకు నములుతూనే నిద్రపోయింది. పుత్తూరు చేరేసరికి కోడి నా తెల్ల అంగీని పాడుచేసింది.

ఇప్పుడు కొత్తవాళ్ళెవరైనా బ్రదరంటే ఎవరని అడిగితే, ఎంత ఉతికినా పోని ఆ మరక చూపిస్తాను.