నా పాఠానికి నేనే అడ్డం

ఏడో తరగతి గదిలో ఇప్పుడు నా చోటు వెనక గోడ దగ్గర, ప్లాస్టిక్ కుర్చీలో. ముందు, ఒకప్పుడు నల్లబల్ల ఉన్న చోట, గోడంత తెర పెట్టారు. ఆ తెర మీద నేను లెక్కలు చెబుతుంటాను. ఇక్కడ నేను, నన్ను నేనే చూస్తూ కూర్చుంటాను. రోజుకు నాలుగు సెక్షన్లు. అంటే ఒకే పాఠం, ఒకే గొంతుతో, ఒకే నవ్వుతో నాలుగుసార్లు వినాలి. నా గొంతంటే నాకే ఇంత విసుగు పుడుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ వీడియోలు కరోనా రోజుల్లో తీసినవి. బడులు మూసేశారు, పిల్లలు ఇళ్ళలో ఉన్నారు. పలివెలలో మా ఇంటి వెనక గదిలో బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టి, తలుపుకి తెల్లబోర్డు తగిలించి పాఠాలు చెప్పాను. పన్నెండు నిమిషాలు దాటొద్దన్నారు, పిల్లల ఫోన్లలో డేటా చాలదని. నాలుగో నిమిషంలో కుక్కర్ కూత వేస్తుంది. ఏడో నిమిషంలో మా అత్తగారు "పాలాయనొచ్చేడే, గిన్నె పట్రా!" అని కేకేస్తారు. ఇప్పటి పిల్లలకి ఇవన్నీ కంఠతా వచ్చు. ఆ చోటు రాగానే క్లాసంతా మా అత్తగారితో గొంతు కలుపుతుంది. మొదట్లో నేనూ నవ్వేదాన్ని.

బడులు తెరిచాక ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. వీడియోలన్నీ ఇకపై స్కూలువేనట. అప్పుడు చదవలేదు, పెట్టేశాను. అవి ఇంకెందుకు పనికొస్తాయిలే అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి అమలాపురంలో, రాజోలులో, మా కొత్తపేటలో, మూడు బ్రాంచీల్లోనూ తెరలు వచ్చాయి. మూడు ఊళ్ళలోనూ ఒకే పాఠం ఒకే నిమిషంలో నడవాలి. జ్వరమొచ్చి ఇంట్లో ఉన్న పిల్లలకి లింకు పంపిస్తారు. గోదావరికి వరదొచ్చి లంకల్లోని పిల్లలు పడవ ఎక్కలేకపోతే వెనకటికి సెలవు ఇచ్చేవారు. ఇప్పుడు సెలవు లేదు, లింకు ఉంది. వాళ్ళకీ నేనే చెబుతాను, ఆ పాత ఆకుపచ్చ చీరలోనే.

"మానేయకూడదా?" అంటారు మా ఆయన. మానేస్తే ఏమవుతుంది? నేను ఇంట్లో కూర్చున్నా, నా గొంతు మాత్రం అక్కడ పాఠం చెబుతూనే ఉంటుంది. తప్పు దిద్దడానికైనా ఆ గదిలో ఒక మనిషి ఉండాలి కదా అని వెళుతున్నాను. అది నాకు నేను చెప్పుకునే మాట. నిజం చెప్పాలంటే, ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తెలియదు.

ఈ ఏడు మూడో బెంచీలో ఒక పిల్ల ఉంది. రెండు జడలు, చేతినిండా సిరా మరకలు. ఏది చెప్పినా "ఎందుకండీ?" అంటుంది. అలాంటి పిల్ల క్లాసుకి ఒకరుంటే చాలు, ఆ ఏడాదికి నేను ఇంటికి సంతోషంగా వెళ్ళేదాన్ని. ఈ పిల్ల నోరు మూతపడకుండా చూసుకోవాలి, ఈ ఏడు నాకున్న పని ఇదొక్కటే అనుకున్నాను.

జూలైలో రుణ సంఖ్యల పాఠం వచ్చింది. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ వస్తుంది. తెర మీద నేను అది రాసి, "ఎందుకు అని ఇప్పుడు అడక్కండి, గుర్తుపెట్టుకోండి, అంతే" అని చెప్పి ముందుకు పోయాను. పన్నెండు నిమిషాల్లో ముగించాలన్న భయం ఆ ముఖంలో నాకు కనిపిస్తుంది. పిల్లలకి కనిపించదు. వాళ్ళు రాసుకున్నారు. ఆ పిల్ల మాత్రం వెనక్కి తిరిగి నావైపు చూసింది.

"ఎందుకండీ?"

నేను రిమోట్ నొక్కి వీడియో ఆపేశాను. లేచి ముందుకు వెళ్ళాను. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు నీళ్ళు ఎలా తగ్గుతాయో చూశారా అని అడిగాను. "ఆయ్, చూసేమండి" అన్నారు అందరూ. నీళ్ళు రోజుకి రెండంగుళాల చొప్పున తగ్గుతున్నాయనుకోండి, అది మైనస్ రెండు. మనం మూడు రోజులు వెనక్కి వెళదాం, అది మైనస్ మూడు. అప్పుడు నీళ్ళు ఇవాళ్టికన్నా కిందున్నాయా, పైనున్నాయా?

"పైనండీ!" అని అరిచింది ఆ పిల్ల. "ఆరంగుళాలు పైనండీ! అందుకే ప్లస్సండీ!"

ఇక చూడాలి గోల. మా రేవులో ఇన్ని మెట్లు తేలాయంటే మా రేవులో అన్ని తేలాయని ఒకటే పోటీ. ఒకడు బెంచీ ఎక్కి నీటిమట్టం చూపించాడు. నాకు ఒళ్ళు తేలికైపోయింది. గంట కొట్టేదాకా వీడియో సంగతే గుర్తు రాలేదు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు పిలిచారు. మంచి మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగరు. ఏ బ్రాంచీలో పాఠం ఎంతవరకు నడిచిందో కంప్యూటర్‌లో గీతలు చూపించారు. అమలాపురం, రాజోలు గీతలు పక్కపక్కనే ఉన్నాయి. మాది వెనకబడింది.

"వీడియో ఇంకా తొమ్మిది నిమిషాలు మిగిలిపోయిందండి మేడమ్ గారూ. పైవాళ్ళు ఫోను చేసేరు."

"పిల్ల ఎందుకని అడిగిందండీ, చెప్పేను" అన్నాను.

"మీరు చెప్పిందే కదండీ నడుస్తుంది అక్కడ. మీ పాఠానికి మీరే అడ్డం వస్తే ఎలాగండీ?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొత్త వీడియో తీస్తానని, డబ్బులు అక్కర్లేదని, సెలవుల్లో వచ్చి తీస్తానని బతిమాలాను. పరీక్ష పేపర్లన్నీ పాత వీడియోల ప్రకారమే తయారయ్యాయట, మార్చడం కుదరదట. "మీ వీడియోలకి మంచి పేరుందండి" అని ఓదార్చారు కూడా. ఆ వారంలోనే మా రిమోట్లు తీసేసుకున్నారు. పాఠం అమలాపురం నుంచే మొదలవుతుంది, అక్కడి నుంచే ఆగుతుంది. నా చేతికి హాజరు పట్టిక మిగిలింది.

తర్వాత భిన్నాల భాగహారం వచ్చింది. రెండో భిన్నాన్ని తిరగేసి గుణించండి అని తెర మీద చెబుతున్నాను. ఎందుకు తిరగేయాలో అక్కడా చెప్పలేదు. నేను వెనక కూర్చుని, ఆ ముక్క రాకముందే అది వస్తుందని సిగ్గుపడుతున్నాను. వచ్చింది. మూడో బెంచీలో చేయి లేచింది.

వెనక్కి తిరిగి చూస్తుందని ఎదురుచూశాను. తిరగలేదు. చేయి ఎత్తి, తెర మీది నన్నే చూస్తూ కూర్చుంది. ఆ పిల్లలు ఒకటో తరగతి ఫోనులో చదువుకున్నవాళ్ళు. పాఠం చెప్పే మనిషి ఎదుటి గాజులో ఉంటుందని వాళ్ళకి అలవాటు. తెర మీద నేను నవ్వుతూ తర్వాతి లెక్కలోకి వెళ్ళిపోయాను. ఆ పిల్ల చేయి దించలేదు. నొప్పి పుట్టిందేమో, రెండో చేత్తో మోచేతిని పట్టుకుంది.

నేనుండలేకపోయాను. లేచి, చప్పుడు కాకుండా బెంచీల మధ్యనుంచి వెళ్ళి, ఆమె పక్కన వంగాను.

"ఏంటమ్మా?" అన్నాను గుసగుసగా.

ఆ పిల్ల ఇటు తిరిగేలోగానే పక్కనున్న అమ్మాయి, తెర మీంచి చూపు తిప్పకుండా, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ష్... మేడమ్ చెప్తున్నారండి."

అందులో వేళాకోళం లేదు, పొగరు లేదు. పాఠం జరుగుతుంటే మాట్లాడకూడదని నేను నేర్పిన మర్యాదే అది. మూడో బెంచీ పిల్ల నావైపు ఒకసారి, తెరవైపు ఒకసారి చూసింది. తర్వాత చేయి దించి, పెన్ను తీసుకుని, తెర మీద ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం మొదలుపెట్టింది.