ప్లాస్మా రంగుకు గడి లేని ఫారం

2022 ఏప్రిల్. నందిగామలో ఒక చిన్న డయాగ్నస్టిక్ కేంద్రానికి నేను సూపర్‌వైజర్‌ని. ముప్పై రెండేళ్ళు ల్యాబ్‌లో పనిచేసి పదవీ విరమణ పొందిన తర్వాత, ఒక పరిశోధన సంస్థ రొమ్ము క్యాన్సర్‌పై చేపట్టిన అధ్యయనానికి ఈ ప్రాంతపు రక్త నమూనాల బాధ్యత తీసుకున్నాను. ఫారాలన్నీ నేనే తయారుచేశాను. రక్తం తీసిన సమయం, పెట్టె చేరిన సమయం, గొట్టం సీలు, పెట్టె వేడెక్కిందా లేదా, ప్రతిదానికీ ఒక గడి. ఏ గడీ ఖాళీగా ఉండకూడదన్నది నా నియమం.

ఆ అధ్యయనం మైక్రోఆర్‌ఎన్‌ఏల గురించి. ఇవి మన కణాల్లో ఉండే అతి చిన్న అణువులు. ఏ జన్యువు నుంచి ఎంత ప్రొటీన్ తయారవ్వాలో అదుపు చేయడం వీటి పని. క్యాన్సర్‌లో ఆ అదుపు తప్పి, కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. ఇవి రక్తంలో కూడా తిరుగుతాయి కనుక, ఒక గొట్టం రక్తంతోనే జబ్బును తొలిదశలో పట్టుకోగలమా అని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. ఇది ఇంకా ప్రయత్నమే. రోగి చేతికి కాగితం ఇవ్వదగిన పరీక్ష కాలేదు.

రోగులలో ఎక్కువమంది జగ్గయ్యపేటలో రక్తం ఇచ్చేవారు. పోలిక కోసం తీసుకున్న ఆరోగ్యవంతులలో ఎక్కువమంది నందిగామవారు. జగ్గయ్యపేట గొట్టాలను ఏసోబు అనే ఆయన పెట్టెలో పెట్టుకుని మోటారుసైకిల్ మీద తెచ్చేవాడు. ఇక్కడ మేము సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గొట్టాలను అతివేగంగా తిప్పే యంత్రంలో పెట్టి, కణాలను కిందికి దించి, పైన తేలిన ప్లాస్మాను వేరుచేసి నగరానికి పంపేవాళ్ళం.

ఒక మంగళవారం ఉదయం చిల్లకల్లు నుంచి రత్నకుమారి వచ్చింది. స్కూలు టీచరు, నలభై ఆరేళ్ళ మనిషి. అక్క రొమ్ము క్యాన్సర్‌తో పోయినందువల్ల తానుగా ముందుకొచ్చి, ఆరోగ్యవంతుల జాబితాలో చేరి, జగ్గయ్యపేటలో రక్తం ఇచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్ గారూ, సోమవారం ఆపరేషనండి. రెండు వైపులా తీయించేసుకుంటున్నా."

"ఎందుకు?"

"నా నంబరు క్యాన్సరోళ్ళ వరసలో ఉందంట కదండీ. మళ్ళీ రక్తం కావాలని ఫోన్ చేసినమ్మాయి చెప్పింది."

ఫోన్ చేసింది సింధు, సంస్థలోని పరిశోధక విద్యార్థిని. చెప్పకూడని మాట చెప్పేసింది.

"మామోగ్రామ్ తీయించారా?"

"తీయించా. ఏం లేదంట. మా అక్కకీ మొదట ఏం లేదనే అన్నారండి. రెండేళ్ళు మంచాన పడ్డ దాన్ని నేనే మోశా. కుదరదన్న డాక్టర్లు ఇద్దరయ్యారు, మూడో ఆయన ఒప్పుకున్నాడు."

"ఇది పరిశోధన అమ్మా. రోగ నిర్ధారణ కాదు."

"మీరు కాదంటారు, నంబరు అవునంటుంది. నేనెవరి మాట వినాలండి?"

శనివారం దాకా గడువు అడిగాను. ఇస్తానని గానీ ఇవ్వనని గానీ చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజే సింధుకు ఫోన్ చేశాను. ముందు ఆమెకు చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పి, తర్వాత ఫలితాల పట్టిక తెప్పించుకున్నాను. వాళ్ళు దాన్ని జబ్బు ఉన్నవారు, లేనివారు అని విడదీశారు. నేను రక్తం ఎక్కడ తీశారన్న దాన్ని బట్టి మళ్ళీ విడదీశాను. గంటన్నర పట్టింది. జగ్గయ్యపేటలో రక్తం ఇచ్చిన ఆరోగ్యవంతులు రత్నకుమారితో కలిసి ముగ్గురే. ముగ్గురి మైక్రోఆర్‌ఎన్‌ఏ విలువలూ ఎక్కువే. నందిగామలో రక్తం ఇచ్చిన రోగులు నలుగురు. నలుగురివీ తక్కువే. ఆ సంఖ్య జబ్బును కాక ఊరిని చూపిస్తోంది.

రెండు ఊళ్ళకూ సూది ఒకటే, గొట్టం ఒకటే. మధ్యలో ఉన్నది దారి. బుధవారం పొద్దున్నే జగ్గయ్యపేట వెళ్ళి, ఏసోబు పెట్టె సర్దుతుంటే పక్కన నిలబడ్డాను. ఐసు పరిచాడు. గొట్టాల సంచి పెట్టాడు. తర్వాత జేబులోంచి పొట్లం తీసి, రెండు గుప్పిళ్ళ కల్లుప్పు చల్లాడు.

"అదేమిటి?"

"ఉప్పండి. ఎండ చూశారా? ఉత్త ఐసైతే చిల్లకల్లు దాటకముందే నీళ్ళవుద్ది. ఉప్పేస్తే గట్టిగా పట్టుద్దండి."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేంటండి, పాతికేళ్ళు ఐస్‌ఫ్రూట్లు చేసి అమ్మినోణ్ణి! పెట్టె వేడెక్కిందని మీ ఫారంలో ఒక్కసారన్నా పడిందా?"

పడలేదు. పడకపోవడమే మా అనర్థానికి మూలం. ఉప్పు కలిసిన ఐసు, నీరు గడ్డకట్టే స్థాయికన్నా ఎంతో కిందికి చల్లబడుతుంది. ఆ చలికి గొట్టం అంచున ఉన్న రక్తంలో మంచు పట్టి ఎర్రకణాలు పగిలిపోతాయి. దీన్ని హీమోలిసిస్ అంటారు. కొన్ని మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఎర్రకణాల్లోనే దండిగా ఉంటాయి. కణం పగిలితే అవి ప్లాస్మాలోకి వచ్చి, జబ్బు గుర్తుల్లా కనిపిస్తాయి. పెట్టె నందిగామ చేరేసరికి ఉప్పు కరిగి చల్లని నీళ్ళు మిగిలేవి, ఎవరికీ అనుమానం రాలేదు.

అయినా చూడవలసిన చోట చూస్తే తెలిసేదే. తిరిగి వచ్చి మా టెక్నీషియన్‌ని అడిగాను. "పేట గొట్టాలు కాస్త ఎర్రగా ఉండేవి మేడమ్. రాయడానికి గడి లేదు కదా, రాయలేదు" అన్నాడు. ఫారం నాది. కింద సంతకం నాది. గొట్టాలను వెలుతురులో పెట్టి చూడకుండానే సంతకం చేశాను.

గురువారం జగ్గయ్యపేటలో నా చేతి నుంచే ఆరు గొట్టాల రక్తం తీయించాను. మూడు ఉప్పు లేని పెట్టెలో, మూడు ఉప్పు వేసిన పెట్టెలో పెట్టించి, రెండూ ఏసోబు చేతనే తెప్పించాను. నందిగామలో యంత్రం ఆగాక మొదటి మూడింటి ప్లాస్మా ఎండుగడ్డి రంగులో ఉంది. తక్కిన మూడింటిది పలచని దానిమ్మ రసంలా ఉంది. ఏసోబు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎంతమందివి పాడుచేశానండి?"

"చల్లగా తెమ్మన్నట్టే నువ్వు తెచ్చావు, ఎంత చల్లగా ఉండాలో నేనే చెప్పలేదు. రేపటినుంచి పెట్టెలో థర్మామీటరు ఉంటుంది, ఉప్పు ఉండదు."

సింధుకు ఫోన్ చేసి ఉప్పు సంగతి చెప్పాను. "రెండేళ్ళ పని పోతుంది మేడమ్" అంది. పోనివ్వమన్నాను. సంస్థవారు జగ్గయ్యపేట నమూనాలన్నీ పక్కనపెట్టారు.

శనివారం రత్నకుమారి వచ్చింది. ఆరు గొట్టాలనూ తెల్ల కాగితం ముందు నిలబెట్టి, అన్నీ నా రక్తమేననీ, తేడా పెట్టెలో ఉప్పుదేననీ చెప్పాను. ఆమె వంగి ఒక్కొక్కదాన్నీ చూసింది.

"అయితే నాకు జబ్బు లేదని రాసిస్తారాండి?"

"రాసివ్వను. అది నాకు తెలియదు. ఆ నంబరు మీ ఒంటిది కాదు, మా పెట్టెది అని మాత్రం రాసిస్తాను. మీ అక్కగారి విషయం ఉంది కనుక క్యాన్సర్ డాక్టరు చెప్పిన పరీక్షలు తప్పకుండా చేయించుకోవాలి. ఏ కోతైనా వాటిని బట్టి నిర్ణయించుకోండి, దీన్ని బట్టి వద్దు."

"నా మొదటి రక్తం ఫారం చూపిస్తారా?"

తెచ్చి చూపించాను. నా సంతకం మీద ఒకే అడ్డగీత, పక్కన తేదీ, కారణం.

"చింపేయలేదే?"

"చింపితే తప్పు కనపడదు. కింద అక్షరం చదవగలిగేలా ఒక్క గీత గీయాలి. పద్ధతి అది."

ఆమె మొదటిసారి కుర్చీలో కూర్చుంది. "మా పిల్లలకి కూడా అదే చెబుతానండి. కొట్టివేతలో తప్పు కనపడాలని" అంది. అక్కడినుంచే డాక్టరుకు ఫోన్ చేసి సోమవారం రానని చెప్పింది. తర్వాత జాకెట్టు చేయి పైకి మడిచి నా ముందు పెట్టింది.

"ఇక్కడే తీయండి. నంబరు మాత్రం నాకు చెప్పొద్దు."

వృత్తిలో క్రమం అంటే గడులన్నీ నింపడమని ముప్పై రెండేళ్ళు నమ్మాను. ఏ గడి పెట్టడం మరిచామో వెతకడం కూడా అందులో భాగమేనని ఆ వారం నేర్చుకున్నాను. ఆ మధ్యాహ్నం ఫారంలో కొత్త గడి చేర్చి, యంత్రంలో తిప్పిన ఆమె గొట్టాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, అందులో మొదటి మాట నేనే రాశాను: ప్లాస్మా రంగు, ఎండుగడ్డి.