దిడ్డిలోంచి వచ్చిన తల

తొంభై ఒకటి డిసెంబరు, మొదటి బుధవారం, పొద్దున పది గంటలకు మా ఫోర్మన్ నా ముందు తల వంచాడు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నదే ఇది రాయడానికి.

పాత మస్కట్‌లో సముద్రం ఒడ్డున ఒక మేడ. ఎవరో వ్యాపారి కట్టించాడట. తర్వాత ఇంగ్లీషు దొరలు అద్దెకుండి, నీళ్ల వైపు వరండా వేసుకున్నారు. రెండు మూరల మందం గోడలు. పైకప్పుకు ఆఫ్రికా నుంచి ఓడల మీద వచ్చిన దుంగలు. సర్కారు దాన్ని కాపాడదలచింది. పాతది ఏదీ మార్చొద్దని ఇంగ్లీషు ఇంజనీరు హుకుం.

నాది వడ్రంగం. వీధి తలుపు నాకిచ్చారు. మలబారు టేకు. పెద్ద రెక్కలో చిన్న దిడ్డి. నడుము దాకా వంగితే గాని మనిషి దూరలేడు. శత్రువు వస్తే తల ముందు రావాలని అట్లా పెట్టేవారట. ఇంజనీరు చెప్పిన ఆ మాట నాకు బాగా నచ్చింది.

ఆ ఎండాకాలమే మా నాయన చనిపోయాడు. నా పాస్‌పోర్టు ఫోర్మన్ దగ్గర. వాడూ మా పక్క ఊరివాడే. లీవు అడిగితే సైట్‌లో అందరి ముందు, "కాళ్లు మొక్కు, చూస్త" అన్నాడు. మొక్కాను.

"నువ్వు వోతె సచ్చినోడు లేస్తడా? డ్యూటీ ఎక్కు" అని నవ్వాడు.

మేడ సర్కారుకు అప్పజెప్పే రోజు ఫోర్మన్ కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, పెద్ద రెక్క తెరవమని కబురు పంపాడు. తెరుచుకునేదే. నేను ఇంజనీరుతో, "సార్, ఓల్డ్. ఓపెన్, బ్రేక్" అన్నాను. ఎవరూ తెరవొద్దన్నాడాయన. తానే వంగి వచ్చాడు, వెనక సర్కారు మనుషులు. నేను దిడ్డికి ఎదురుగా కూర్చుని గడపకు నూనె పట్టిస్తున్నాను.

"అరే, రెక్క తెరువ్‌రా!" బయటి నుంచి ఫోర్మన్.

"సాబ్ వద్దన్నడు సారూ. వంగు. ఇంకింత వంగు."

తల వచ్చింది. టోపీ చౌకట్టుకు తగిలి నా కాళ్ల మీద పడింది. తీసుకోవడానికి ఇంకా వంగాడు.

"ఏం సారూ, లీవు గావాల్నా?" అన్నాను.

మర్నాడే నన్ను ఎక్కడో దూరాన సోహార్ సైట్‌కు తోలాడు. తోలనీ. ఆ దిడ్డి ఇంకో జానెడు కిందికి ఉండాల్సింది.

నేను కాళ్లు మొక్కడం చూసినవాళ్లంతా ఆ రోజూ ఉన్నారు: టోపీ పడగానే పకపక నవ్విన మా బావ, కడప పెయింటర్ భాయ్, సున్నపు పనివాళ్లు ముగ్గురు. వాళ్లు గాక ఇంజనీరు, ఇద్దరు సర్కారు మనుషులు, నేను, నా కాళ్ల దగ్గర వాడు.