సదయ్య ముఖానికి తగిన కాగితం

మా ఆయన భూపాల్‌కు కాగితం పిచ్చి. గోదావరిఖనిలో ఫొటో స్టూడియో నడిపే మనిషి కెమెరాల గురించి మాట్లాడాలి కదా! ఈయన కాగితాన్ని వేళ్లతో రుద్దుతాడు, వాసన చూస్తాడు, కొస తుంచి నోట్లో కూడా పెట్టుకుంటాడు. నేను తల కొట్టుకుంటాను.

రెండువేల పన్నెండులో ఎండలు మొదలవుతుండగా సారవ్వ ఒక ఫొటో పట్టుకుని స్టూడియోకు వచ్చింది. ఆమె భర్త సదయ్య బొగ్గుబాయిలో పనిచేసి, రిటైరైన రెండేళ్లకే పోయాడు. డ్యూటీ దిగి, బొగ్గుపొడి ముఖంతో నవ్వుతున్న ఆయన్ని పదేళ్ల కిందట మా ఆయనే ఫొటో తీశాడు. వాళ్లింటి గోడ మీద అది వెలిసిపోయి కళ్లూ ముక్కూ మాత్రం మిగిలాయి. మా దగ్గరున్న నెగెటివ్‌ను చెదలు తిన్నాయి.

"ఇంకో రెండేండ్లయితే గీ మొకం గూడ పోతది బిడ్డా. నాకాడ ఇంకో ఫొటో లేదు," అంటూ ఏడ్చేసింది.

మా ఆయన ఆ ఫొటోను స్కాన్ చేసి, కంప్యూటర్ ముందు కూర్చుని ముఖాన్ని బాగు చేశాడు. తర్వాత హైదరాబాద్ నుంచి మూడు రకాల కాగితాలు తెప్పించాడు. ఒకటి నిగనిగలాడేది. ఇంకొకటి తెల్లగా కనపడడానికి మందు కలిపినది. మూడోది ఏ మందూ కలపకుండా పత్తితో చేసిన మందపాటి కాగితం, మెరుపు లేదు. మూడింటి మీదా సదయ్యనే ముద్రించి, ఒక్కోదాన్ని సగం అట్టతో కప్పి మేడమీద ఎండలో పెట్టాడు.

"మరి నా వడియాలు ఏడ పెట్టాలె, సదయ్య నెత్తి మీదనా?" అని అరిచాను. వినిపించుకుంటే కదా!

రెండు నెలలకు మందు కలిపినది పసుపెక్కింది. మెరిసేదాంట్లో నలుపు పలచబడింది. పత్తి కాగితంలో కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా లేదు. అయినా ఈయనకు బెంగే.

"మనోళ్లకు ఫొటో అంటే మెరువాలె మమతా. గిది నచ్చుతదంటవా?"

"నచ్చకుంటే నువ్వే పెట్టుకో!"

పత్తి కాగితం మీద పెద్దగా వేసి సారవ్వ చేతిలో పెట్టాం. ఆమె చాలాసేపు చూసింది. బల్ల మీది చెంబులో కొంగు తడిపింది. ఏం చేస్తోందో మాకు అర్థమయ్యేలోపే సదయ్య చెంప తుడిచేసింది. ముప్పై ఏళ్లు షిఫ్టు దిగొచ్చిన మనిషిని అలాగే తుడిచిందట. రంగు చెవిదాకా పాకింది.

"అయ్యో, తప్పయింది కొడుకా!"

రెండు నెలల కష్టం! మా ఆయన మండిపడతాడనుకున్నాను. ఆయనేమో పిల్లాడిలా నవ్వుతున్నాడు, కళ్లలో నీళ్లు.

"ఫికర్ చెయ్యకవ్వా. ఇదే కాయిదం మీద ఇంకోటి తీస్త."

సారవ్వ తడి కొంగును గుప్పిట్లో బిగించుకుంది.

"గీసారి అద్దం కట్టియ్యి బిడ్డా. నా చెయ్యి ఊకోదు."