పేరమ్మ ఎత్తు బెల్లం

వాకాడు సంతలో చేపలమ్మే పేరమ్మ దగ్గర తక్కెడ ఉండదు. కుప్పలు పోసి అమ్ముతుంది. తూకం కావాలన్నవాళ్లను పక్కామె దగ్గరికి పంపేస్తుంది. ఆమెకు తక్కెడంటే భయం. నవ్వకండి, అది పదేళ్ల వయసులో పట్టుకున్న భయం.

పసిగా ఉన్నప్పుడు ఆమెకు అమ్మవారు పోసింది. బిడ్డ బతికితే దాని బరువుకు సరితూగే ఎత్తు బెల్లం ఇస్తానని తల్లి గురవమ్మ పోలేరమ్మకు మొక్కుకుంది. బిడ్డ బతికింది. చేపల వేట మీద బతికే ఇంట్లో అంత బెల్లం ఒక్కసారి కూడేదెలా? మొక్కు ఏడాదికేడాది వెనక్కి పోయింది. పిల్ల మాత్రం ఆగకుండా ఒళ్లు చేసింది. ఊరి పిల్లలు ‘బాన’ అని పేరు పెట్టారు. పడవెక్కబోతే "మునిగిపోద్ది, దిగమ్మే!" అని అరిచేవారు.

పందొమ్మిది వందల యాభై ఏడులో, పిల్లకు పదేళ్లప్పుడు, రొయ్య బాగా పడింది. వచ్చే తిరునాళ్లకు మొక్కు చెల్లిస్తానని గురవమ్మ అందరికీ చెప్పేసింది. ఎండుచేపలు తూచే పెద్ద కాటా తెచ్చి గుడి ముందు కట్టి, ఊరంతా చూస్తుండగా పిల్లను అందులో కూర్చోబెట్టాలి. ఇక పిల్లమూకకు పండగే.

"గొలుసు తెగుద్ది చూడండ్రా!"

గొలుసు తెగి తను కింద పడటం, ఊరంతా నవ్వడం పేరమ్మ కళ్లకు కట్టాయి. ఆ రోజు నుంచి తినడం మానేసింది. తల్లి పెట్టిన సంగటి దొడ్లో కోళ్లకు వేసి, ఖాళీ గిన్నె తెచ్చి చూపేది. చూస్తుండగానే పిల్ల వాడిపోయింది.

గురవమ్మకు అసలు సంగతి తెలియదు. "మొక్కు తీర్చలేదని పోలేరమ్మ తల్లికి కోపమొచ్చినాది. బిడ్డను కరగదీస్తా ఉండాది" అని మొగుడి దగ్గర ఏడ్చింది. తిరునాళ్ల దాకా ఆగకుండా మంగళవారమే చెల్లించేద్దామంది. అది విన్న పేరమ్మ ఆ పూట నీళ్లు కూడా ముట్టలేదు. తల్లీ కూతురూ ఒకరికొకరు చెప్పుకుంటే తీరిపోను!

మంగళవారం కాటాలో ఒక పక్క, పిల్ల చిక్కకముందే బరువు అంచనా కట్టి కొన్న బెల్లం దిమ్మలు పేర్చారు. రెండో పక్క తట్టను కిందికి పట్టి పేరమ్మను కూర్చోబెట్టి వదిలారు. గొలుసు కిర్రుమంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. పేరమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. గొలుసు తెగలేదు. బెల్లమే కిందికి దిగి, పిల్ల పైకి లేచింది. కాళ్ల కింద నేల లేకపోయేసరికి భయం పట్టలేక అరిచింది.

"దించమ్మా! అమ్మోరు నన్నేం చెయ్యలా. నేనే తినలా. గొలుసు తెగుద్దని తినలా!"

అమ్మవారు విని కోప్పడుతుందని గురవమ్మ గబుక్కున బిడ్డ నోరు మూసింది. చేతికి చెంపల ఎముకలు తగిలాయి. చెయ్యి తీసేసి, బిడ్డను రెండు చేతులా ఎత్తి దించుకుంది.

"బెల్లమంతా అమ్మోరికే. దీన్ని ఇంక తూచే పన్లేదు" అంది పూజారితో.

ఇంటికి పోయి అన్నం కలిపి పెట్టింది. పేరమ్మ ప్రతి ముద్దకూ తల్లి మొహం చూసి మింగింది.

ఇప్పుడు పందొమ్మిది వందల అరవై ఎనిమిది. పేరమ్మ కూతురు కామాక్షికి మూడేళ్లు. బొద్దుగా, అంతా తల్లి పోలికే. మొన్న సంతలో చేపలు కొనడానికొచ్చిన ఒకాయన పిల్లను చూసి ముచ్చటపడి, "ఎంత బరువుందమ్మే నీ బిడ్డ?" అన్నాడు.

పేరమ్మ చేతిలో చేప జారిపోయింది. తడి చేతులతోనే బిడ్డ చెవులు రెండూ మూసి దగ్గరికి లాక్కుంది.

"నా చంక మోసేంత, సామీ" అంది.