ఆముదపు కాడలో లోకం చూపిన బాలకిష్టయ్య సారు

వృక్షశాస్త్ర అధ్యాపకులు బాలకిష్టయ్య సారు పరమపదించారన్న వార్త మొన్న నేను రక్తపరీక్షలు చేసే నాగర్‌కర్నూల్ దవాఖానలో నా చెవిన పడింది. స్లైడు కడుగుతున్న చేయి అట్లే ఆగిపోయింది. నమ్మబుద్ధి కాలేదు. గద్వాలలో ఆయన శిష్యురాలినని చెప్పుకోవడం నాకు ఎప్పుడూ గర్వకారణమే. కండ్లు తడుస్తున్నా ఇవాళ ఆ గర్వంతోనే రాస్తున్నాను.

సారు ఆగ్రహం జగద్విదితం. సూక్ష్మదర్శినిని ఎవరైనా ఒంటిచేత్తో ఎత్తితే అగ్గిమీద గుగ్గిలమయ్యేవారు. "ఏందిరా, చెంబు పట్కపోతున్నవా? ఒక చెయ్యి మెడకు, ఒక చెయ్యి అడుగుకు పెట్టు!" మరుక్షణమే చల్లబడి పాఠం ఎత్తుకునేవారు. భూతద్దానికి ఒక్క కటకమే. సంయుక్త సూక్ష్మదర్శినిలో మాత్రం కింది కటకం పెంచిన రూపాన్ని పై కటకం మళ్లీ పెంచుతుందని విశదీకరించేవారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్ల ధారను వాడుతుందని చెప్పి, "నేను గూడ దాని బొమ్మనే సూసిన, ఉన్నమాట చెప్తున్న" అని నవ్వేవారు. ఆ నిజాయితీ ఎందరికి ఉంటుంది!

మేము ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, ప్రయోగశాల నాసిగా ఉంది కాబట్టి మా కళాశాలలో బైపీసీ ఎత్తేయాలన్న మాట వచ్చింది. తేల్చడానికి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. ఎత్తేస్తే నేత ఇండ్ల ఆడపిల్లలను కర్నూలుకో పాలమూరుకో ఎవరు పంపుతారు? మా చదువులు అక్కడికే సరి.

ఆముదపు కాడను కోసి కణాలు చూపమని ఆ అధికారి నన్ను అడిగారు. బ్లేడుతో కోసి, అన్నిటికన్నా పలుచని ముక్కను ఏరి ఎర్రరంగులో వేశాను. ఇంట్లో నూలుకు రంగు పట్టించే అలవాటాయె! ఎంత నానితే అంత మంచిదని వదిలేశాను. తీసి చూస్తే ముక్కంతా ఒకటే ఎరుపు, ఒక్క కణమూ తెలియలేదు. అధికారి పెదవి విరిచారు.

"నేతోళ్ల పిల్ల సార్, రంగు పోనియ్యదు" అని సారు నవ్వి, నా వైపు తిరిగారు. "పరేషాన్ గాకు బిడ్డా. నూలుకు రంగు పట్టియ్యాలె, గిక్కడ ఇడిపియ్యాలె. జర ఆమ్లం కలిపిన నీళ్లల్ల కడుగు."

ఆయన చేయి పెట్టలేదు. నేనే కడిగాను. మెత్తని కణాలను ఎరుపు వదిలేసింది. నీటిని మోసే దారువులో మాత్రం నిలిచింది. గ్లిజరిన్ చుక్క వేసి, గాలిబుడగ చొరకుండా సూది ఆసరాతో పలుచని గాజుబిళ్లను ఏటవాలుగా దించాను. సూక్ష్మదర్శిని అద్దాన్ని కిటికీ వెలుతురుకు తిప్పాను. అధికారి వంగి చూసి చాలాసేపు తల ఎత్తలేదు.

"ఎవరు నేర్పారమ్మా?"

"మా సారే."

"నేను చెప్పిన, చేసింది పిల్లనే" అన్నారు సారు. తర్వాత గొంతు తగ్గించి, "గీళ్ల కోసమన్న గ్రూపు ఉండనియ్యుండ్రి సార్" అన్నారు. ఎవరికీ తల వంచని ఆ మనిషి చేతులు జోడించడం అప్పుడే చూశాను.

బైపీసీ నిలిచింది. ఏటేటా ఆడపిల్లలు చేరారు. వనపర్తి దవాఖానలో నర్సులు, పెద్దమందడి బడిలో పంతులమ్మ, ఇక్కడ రక్తపరీక్షలు చేసే నేను, అందరం ఆ గది నుంచే వచ్చాం.

కృష్ణ ఒడ్డున సారుకు తుది వీడ్కోలు పలికి వచ్చి నిన్న మళ్లీ పనిలో చేరాను. జ్వరంతో కాలిపోతూ కండ్లు మూసుకుపోయిన ఒక పసిపాప రక్తాన్ని గాజుపలకపై పలుచగా పరిచి, రంగు వేసి, కడిగి చూశాను. మలేరియా క్రిమి స్పష్టంగా కనిపించింది. డాక్టరుగారు వెంటనే మందు మొదలుపెట్టారు. సాయంత్రానికి పాప కండ్లు తెరిచింది. "నీ కడుపు సల్లగుండ" అని తల్లి నాకు దండం పెట్టింది.

అట్లాంటి గురువు మాకు మళ్లీ దొరకరు. ఆ దండం ఆయనకు చెందాలి. ఆ తల్లికి బాలకిష్టయ్య సారు ఎవరో తెల్వదు. అందుకే ఇది రాసిన.