కల్నల్ బావగారూ, అమ్మాయెలా ఉంది?

ఆ ఆఫీసు పెద్ద వియ్యంకుడుగారికి ఒకటే పిచ్చి. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాన్ని ఆయన సొంత కూతురనుకుంటారు. ఆఫీసంతా ఆయన్ని ఆ పేరుతో పిలిచేది అందుకే.

ఆ కూతురికి రెండిళ్ళు. పంటలూ వరదలూ చూసి చెప్పే ఈ ఆఫీసు పుట్టిల్లు. సరిహద్దు మీద కన్నేసి ఉంచే సైన్యం అత్తారిల్లు. పొద్దున చేలు చూసిన కంటితోనే మధ్యాహ్నం ట్యాంకులు చూడాలి పాపం! పైగా సైన్యం అడిగిందంటే ఆ పూట వీళ్ళ పని రద్దు. అది రూలు.

రోజూ పొద్దున్నే, కుర్చీలో కూర్చోకముందే, సైన్యం వైపు ఆ ఉపగ్రహం పని చూసే కల్నల్‌కి ఫోను.

"బావగారూ, అమ్మాయెలా ఉంది?"

"నేను బావగారిని కాను. కల్నల్‌ని."

"అలాగే కల్నల్ బావగారూ. బ్యాటరీ వేడెక్కిందట, కాస్త నీడపట్టున ఉంచండి."

అవతల ఫోను ఠపీమని పెట్టేసిన చప్పుడు గదంతా వినబడేది. ఉపగ్రహం పంపే బొమ్మల్ని చదవడానికి కొత్తగా చేరిన అసిస్టెంటుకి సిగ్గుతో తల తీసేసినట్టుండేది. ఓసారి నోరుజారి, "ఆ మిషను మళ్ళీ ఎప్పుడొస్తుంది సార్?" అంది.

"మిషనా! నీకు అక్క వరసమ్మా అది!" అని ఆయన మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. ఆ దెబ్బతో ఆమెకీ అక్క అనడం అలవాటైపోయింది.

అంతలో తుపాను వచ్చిపడింది. అసిస్టెంటు సొంత అన్నయ్య చేపలపడవ ఇంజను చెడి, సముద్రంలో ఎటో కొట్టుకుపోయింది. ఎటని వెతుకుతారు? మిగతా ఉపగ్రహాలకి మబ్బులు తప్ప ఏమీ కనబడవు. మబ్బుల్ని దాటి చూడగలిగేది అక్క ఒక్కతే. అక్క ఇంకో గంటలో ఆ సముద్రం మీదుగానే వెళ్తుంది, కానీ ఆ పూట సైన్యానిది. పై ఆఫీసుల అనుమతి కోసం తిరిగితే వారం పడుతుంది.

"సార్, మా అన్నయ్య..." అందామె. ఈయన అప్పటికే ఫోనెత్తేశారు.

"బావగారూ, అమ్మాయిని ఒక్కపూట పుట్టింటికి పంపాలి. మన పిల్లాడు సముద్రంలో చిక్కుకున్నాడు."

అసిస్టెంటు వచ్చి ఫోను పక్కనే చెవి పెట్టింది.

"నా పూట నా ఇష్టం," అని కసిరారు కల్నల్. "ఎటు తిప్పాలో త్వరగా చెప్పండి!"

గంట తర్వాత తెరమీద బొమ్మ పడింది. నల్లటి నీళ్ళమీద బియ్యపుగింజంత తెల్లటి చుక్క!

"పడవ! పడవ సార్!"

"చూపు చూశావా! ఎవరి కూతురనుకున్నావ్!" వియ్యంకుడుగారు కుర్చీ ఎక్కేశారు. గదంతా ఈలలు, కేకలు. రక్షకపడవ పరుగెత్తింది. సాయంత్రానికల్లా అన్నయ్య ఫోన్లో తుమ్ముతూ, "ఆకలేస్తోందే చెల్లీ," అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇందుకా సార్, రోజూ ఆ ఫోను?"

"మరి? ఇలాంటి పూట 'తమరెవరు, ఏ శాఖ' దగ్గర మొదలెడితే తెల్లారినట్టే! రోజూ తిట్టుకున్నా సరే, ఆయనకి నా గొంతు గుర్తుంటే చాలనుకున్నా."

మర్నాడు పొద్దున, ఆయన ఇంకా మెట్లెక్కుతుండగానే ఫోను మోగింది. అసిస్టెంటు ఎత్తింది.

"కల్నల్ గారా? నమస్కారమండీ."

"కల్నల్‌ని కానమ్మా," అంది అవతలి గొంతు. "అమ్మాయి మామగారిని. బావగారొచ్చారా?"